వేసవిలో తడిసిన మడి

గిన్నెలు కడిగిన రెండో నీళ్ళను పాత పిండిసంచి గుడ్డలో వడపోస్తున్నాను. చిక్కుడుగింజల తొక్కలూ రొట్టె తునకలూ గుడ్డ మీద ఆగిపోయి, నీళ్ళు సన్నని ధారగా బకెట్లోకి దిగుతున్నాయి. మా ఇంట్లో నీళ్ళు ఒక పనితో అయిపోవు. సబ్బు నీళ్ళు వాకిట్లో నీడనిచ్చే పిమియెంతో చెట్టుకి. రెండో నీళ్ళు ద్రాక్ష పందిరికి. కూరలు కడిగినవి మేకల తొట్టిలోకి. అమ్మ పూలతోటకి మాత్రం జనవరి నెలలో, అంటే మా వైపు నడివేసవిలో, ఏ నీళ్ళూ లేవు.

"ఆ బకెట్ ఎటు?" అని లోపలినుంచి అమ్మ అడిగింది.

"ద్రాక్షకే."

"కింద మడి పక్కనుంచి వెళ్ళకు. తొణికిందంటే ఒక్క చుక్క చాలు."

రోజూ అడిగే ప్రశ్నే, రోజూ చెప్పే జవాబే. నేను బకెట్ ఎత్తుకుని చుట్టూ తిరిగి వెళ్ళాను. అమ్మ కిటికీ దగ్గర నిలబడి నేను ఎటు తిరిగానో చూసింది. అది కూడా రోజూ ఉన్నదే.

అమ్మ తోటని కొత్తవాళ్ళు చూస్తే తోట అనుకోరు. ఇసుక, గులకరాళ్ళు, అక్కడక్కడా బూడిదరంగు పొదలు. వేసవిలో అయితే ఎవరో ఇల్లు కట్టబోయి మానేసిన జాగాలా ఉంటుంది. ఏ రాయి కింద ఏది పడుకుని ఉందో అమ్మకి తెలుసు. మెట్ల పక్కన గువానాకో పాదం అనే పూల గింజలు, నీటిపీపా దగ్గర నిట్టూర్పు పూల గింజలు, గోడ వారగా సింహం గోరు దుంప ఒకటి. వాన పడిన ఏడాది అవి లేచి ముదురు గులాబీ, లేత ఊదా, ఎరుపు రంగుల్లో పూసి, మళ్ళీ ఇసుకలోకి వెళ్ళిపోతాయి. వాన లేని ఏడాది అమ్మ చలికాలంలో కొన్నిసార్లు చిల్లుల డబ్బాతో పైపైన చల్లుతుంది, వానే పడిందని వాటిని నమ్మించడానికి. వేసవిలో మాత్రం వాటి జోలికి వెళ్ళదు, ఎవరినీ వెళ్ళనివ్వదు. నిద్రపోయేవాళ్ళ నోట్లో ఎవరైనా నీళ్ళు పోస్తారా అంటుంది.

ఇంటి కింద మలుపు అవతల రోడ్డు పక్కన టీ, రొట్టె అమ్మే దోన్యా నోల్ఫాకి ఇదంతా వేళాకోళం. ఆమె ముంగిట జెరేనియం కుండీలు, దుప్పటంత పచ్చగడ్డి ఉన్నాయి. మా నాన్న రోసమెల్ నీళ్ళ ట్యాంకరు తోలుతాడు. కుళాయిలు లేని పల్లెలన్నిటికీ వారమంతా నీళ్ళు తిప్పుతాడు. దాంతో నోల్ఫాకి మాట దొరికింది.

"మొగుడేమో ఊరూరికీ నీళ్ళు పోస్తాడు. పెళ్ళామేమో పూలకి ఉపవాసాలు పెడుతుంది" అని తన దగ్గర ఆగిన లారీవాళ్ళకి చెప్పి నవ్వించేది.

అమ్మ వదిలేది కాదు. "నీ గడ్డి తాగే నీళ్ళు నా మేకల మందంతా కలిసినా తాగదు నోల్ఫా. మేకల్ని పంపుతా, కొంచెం మేపించు. ఆ గడ్డి వల్ల ఎవరికో ఒకరికి ఉపయోగం ఉండాలిగా" అనేది.

ఇద్దరూ కలిసి పెరిగినవాళ్ళు. ఆ మాటలకి ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

కింద మడి సంగతి వేరు. దాని గురించి నోల్ఫా కూడా వేళాకోళం చెయ్యదు. అది మా అన్న యెర్కో వేసిన మడి.

అన్న వయెనార్‌ పట్నంలో పెద్ద బడికి వెళ్తున్న రోజుల్లో మా ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేశారు. అది పూలు బాగా పూసిన ఏడాది. యంత్రాలు వచ్చి గుట్ట పక్కనంతా గీకెయ్యబోతున్నాయని తెలిసి, అన్న ముందురోజు వెళ్ళి ఎండిపోయిన ఎర్ర అన్యన్యూక పూల కాయలన్నీ టోపీలో దులుపుకొచ్చాడు. నల్లటి పలుచటి గింజలు, కాలిన కాగితం ముక్కల్లా ఉన్నాయి. ఇంటికీ కింద రోడ్డు మలుపుకీ మధ్య వాలుగా ఉన్న నేలలో పెద్ద రాళ్ళు ఏరేసి, ఇసుక కలిపి, వాటిని చల్లాడు. మేమిద్దరం కలిసి పైన గులకరాళ్ళు పరిచాం. నాకు మా పల్లె బడితోనే చదువు అయిపోయింది కాబట్టి ఆ రోజుల్లో ఇంట్లోనే ఉండేదాన్ని. రాళ్ళన్నీ మోసింది నేనే అని చెప్పుకోవాలి. అన్న ఎక్కడ పెట్టాలో చూపించేవాడు.

గింజనుంచి అన్యన్యూక పూయాలంటే ఏళ్ళు పడుతుంది. మొదటి చలికాలం గడ్డిపరకంత ఆకు ఒకటి వస్తుంది, అంతే. కింద గోధుమగింజంత దుంప కడుతుంది. ప్రతి చలికాలం అది కొంచెం లావెక్కి, కొంచెం లోతుకి దిగుతుంది.

"ఎవరు చూడాలిరా వీటి పూలు? నీ మనవలా?" అంది అమ్మ.

"నాకు పెళ్ళాం దొరికే లోపల పూస్తాయిలే అమ్మా. ఆ పిల్ల కూడా ఇంకా మొలకెత్తలేదు" అన్నాడు అన్న.

ఆ మడి కొసన, మలుపులోనే, మూడేళ్ళ కిందట అన్న మోటారుసైకిలు జారిపోయింది. సోమవారం. సోమవారాలు అమ్మా నేనూ మేకపాల చీజు అమ్మడానికి వయెనార్ సంతకి వెళ్తాం. నాన్న నీళ్ళు నింపుకుని వస్తూ మొదట చూశాడు. నోల్ఫా కూడా ఆ రోజు కొట్టు తెరవలేదు. మేం వచ్చేసరికి అన్నని తీసుకెళ్ళిపోయారు. రోడ్డు మీద ఇసుక చల్లి ఉంది.

"నేను వచ్చేసరికే అయిపోయింది. వాడికేం తెలియలేదు" అన్నాడు నాన్న. ఆ తరవాత దాని గురించి ఇంకేం మాట్లాడలేదు.

అమ్మ ఆ మాట పట్టుకునే లేచి తిరిగింది. పరామర్శకి ఎవరొచ్చినా, వాళ్ళు కూర్చోకముందే, నా బిడ్డకి నొప్పి తెలియలేదట అని చెప్పేది. వాళ్ళు ఔనమ్మా, అదొక అదృష్టం అనేవారు. అప్పుడు టీ పెట్టడానికి లేచేది.

మా వైపు దారిలో ఎవరైనా పోతే ఆ చోట ఆత్మకి గూడు కడతాం. నాన్న మడికి తలవైపున ఇటుకలతో కట్టి, రేకు కప్పు వేశాడు. మోకాలి ఎత్తు ఉంటుంది. లోపల అన్న ఫొటో, కొవ్వొత్తి పెట్టే చోటు. లారీవాళ్ళు బండి ఆపి, సిలువ గుర్తు పెట్టుకుని, ఒక నీళ్ళ సీసా గూడు ముందు పెట్టి వెళ్తారు. ఈ ఎండదారిలో పోయిన ఆత్మకి దాహం ఎక్కువని అందరికీ తెలుసు. ఎవరో డ్రైవరు తప్పిపోయిన తన కుక్క దొరకాలని అన్నకి మొక్కుకుంటే దొరికిందట. అప్పటినుంచి సీసాలు ఇంకా పెరిగాయి. సోమవారం ఆత్మల రోజు కాబట్టి ఆ రోజు మరీ ఎక్కువ.

అమ్మ సీసాలకి అడ్డు చెప్పలేదు. మూత బిగించిన సీసా మడినేం చెయ్యదు. కానీ మడి మీద పొయ్యొద్దని కనిపించిన ప్రతి డ్రైవరుకీ చెప్పింది. కనిపించని వాళ్ళకి చెప్పమని నోల్ఫాకి అప్పగించింది. నోల్ఫా టీతోపాటు ఆ మాట కూడా అందరికీ ఇచ్చేది.

పోయిన చలికాలంలో మడినిండా ఆకులు వచ్చాయి. పరకలు కావు, వేలెడు వెడల్పు ఆకులు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక మొక్క పక్కన మట్టి వేలితో తప్పించి, దుంపని తడిమి చూసింది. మళ్ళీ మట్టి కప్పేసింది.

"కోడిగుడ్డంత ఉంది. వచ్చే ఏడు మంచి వాన పడితే పూస్తుంది యస్నా" అంది నాతో.

ఆ రోజు చిక్కుడుగింజలు ఉడకబెడుతూ పాడుకుంది. అన్న పోయాక అమ్మ గొంతులో పాట వినడం అదే మొదటిసారి. నేను కదిలితే ఆపేస్తుందేమోనని మేకల దొడ్డి దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.

అప్పటినుంచి మా ఇంట్లో బతుకంతా వచ్చే వానమీదే నడిచింది. అమ్మ ఇంకేదీ కోరుకోలేదు. అన్న చేత్తో చల్లినవి ఈ భూమ్మీద అవే మిగిలాయి. వాటి మొదటి పువ్వు చూడాలి. ఆ పువ్వుని కోయనని, గూడు దగ్గర కూడా పెట్టనని, ఊరికే పక్కన కూర్చుంటానని చెప్పేది. నాన్న వింటూ బూట్లు విప్పుకునేవాడు. అంతకుముందు కూడా నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఆ జనవరిలోనే, ఒక మంగళవారం పొద్దున్న, మడిలో రాళ్ళ సందుల్లో పచ్చటి సన్న మొలకలు కనిపించాయి. గువానాకో పాదం మొలకలు. చలికాలంలో రావలసినవి. అమ్మ వంగి రాళ్ళమీద అరచెయ్యి పెట్టింది. రాళ్ళు పొడిగా, వేడిగా ఉన్నాయి. ఎండకి ఆ మొలకలు వారం తిరక్కుండానే దారప్పోగుల్లా ఎండిపోయాయి.

"సముద్రం మీదనుంచి పొగమంచు ఇంత దూరం వచ్చిందంటావా?" అని మొలకలు చూసిన రోజే టీ దగ్గర నాన్నని అడిగింది.

"వచ్చే ఉంటుంది" అన్నాడు నాన్న. రొట్టె మీద ఆలివ్‌కాయ ఒకటి పెట్టుకుని, తినకుండా మళ్ళీ గిన్నెలో వేశాడు.

జూన్‌లో వాన వచ్చింది. చలికాలపు వాన, ఉత్త జల్లు కాదు. రేకులు రాత్రంతా మోగాయి. పొద్దున్న వాకిట్లో కాలువ కట్టింది. అమ్మ చెప్పులు లేకుండా బయట నిలబడింది. జలుబు చేస్తుందని నాన్న శాలువా తెచ్చి కప్పాడు. ఆమె అది కప్పుకోకుండా నెత్తి మీదనుంచి తీసి నా చేతికిచ్చింది. "తడవనీ" అంది.

మూడు వారాలయ్యాక పై తోట లేచింది. మెట్ల పక్కన, పీపా దగ్గర, గోడవార, అన్నీ వాటి వాటి చోట్లనుంచి వచ్చాయి. కింద మడి అంచుల్లో ఏవో కొన్ని మొలకలు కనిపించాయి. మధ్యలో ఏమీ లేదు. గులకరాళ్ళు కడిగినట్టు మెరుస్తున్నాయి, అంతే.

దుంపలు లోతుకి దిగాయి, ఆలస్యం అవుతుంది అంది అమ్మ. జులైలో కూడా అదే అంది. ఆగస్టు వచ్చేసరికి కంచె అవతల, ఎవరూ నాటని గుట్ట మీద, అడవి అన్యన్యూకలు ఎర్రగా విచ్చుకున్నాయి. పట్నాలనుంచి కార్లు వచ్చి రోడ్డు పక్కన ఆగేవి. మనుషులు దిగి ఫొటోలు తీసుకునేవారు. కొందరు మా కంచె దగ్గరికి వచ్చి, ఇంత ఎడారిలో ఇన్ని పూలా అని అమ్మతో అనేవారు. అమ్మ వాళ్ళకి ఓపిగ్గా జవాబు చెప్పేది. వాళ్ళు వెళ్ళాక వెనక్కి తిరిగి మళ్ళీ మడి దగ్గర కూర్చునేది.

ఒకరోజు నోల్ఫా వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వచ్చింది. మడి వైపు చూసింది. గేలి మాట ఏదో నోటిదాకా వచ్చి ఉంటుంది, అలవాటు కొద్దీ. మింగేసింది.

"కొన్ని దుంపలు సోమరివి ఎర్మిందా. తరవాత లేస్తాయి."

"వాడూ అంతే కదే. నేను దుప్పటి లాగితే గానీ లేచేవాడు కాదు" అంది అమ్మ.

ఇద్దరూ నవ్వారు. నవ్వి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు.

ఆ ఆదివారం అమ్మ వంటింట్లోనుంచి పాత చెంచా తీసుకుని కిందికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. నేనే వెళ్ళాను. రాళ్ళు ఒక్కొక్కటీ తీసి నా ఒళ్ళో పెట్టింది. చెంచాతో మట్టి తీసింది, దుంపకి దెబ్బ తగలకుండా పక్కనుంచి, గుడ్డు మీద పెంకు తీసినట్టు. మొదటిది దొరికింది. వేళ్ళతో పట్టుకోగానే చితికింది. లోపల నల్లగా, జిగురుగా ఉంది. కుళ్ళిన ఉల్లిపాయ కంపు కొట్టింది.

"ఇదొక్కటే పాడై ఉంటుంది" అన్నాను.

అమ్మ రెండోది తీసింది. తరవాత మూడోది. కొన్ని మెత్తగా నల్లబడి ఉన్నాయి. కొన్నిటికి పై పొర మాత్రం మిగిలి, లోపల ఖాళీగా, నలిగిన కాగితం సంచిలా ఉన్నాయి. అమ్మ తొందరపడలేదు. మడి పై కొసనుంచి కింది కొసదాకా వరసగా అన్నీ తీసింది. తీసినవి గోనె మీద పెట్టింది. గట్టిగా ఉన్నది ఒక్కటి కూడా దొరకలేదు. మధ్యాహ్నం ఎండ నెత్తిమీదికి వచ్చింది. నేను భోజనానికి పిలిచాను. చెంచా దించలేదు.

ఆఖరుది తీశాక చేతులు ఇసుకతో రుద్దుకుంది.

"వానకి ఇట్లా కావు ఇవి. వాన వీటికి తెలుసు. ఇవి ఎండాకాలంలో తడిశాయి. వేడినేలలో, కింద తడితో, ఉడికినట్టు ఉడికిపోయాయి. జనవరిలో మొలకలు లేచాయి చూడు, అప్పుడే నాకు తెలియాల్సింది." గోనె అంచు మడిచి, "ఎవరో పోశారు" అంది.

గూడు ముందు సీసాలు ఎండలో మెరుస్తున్నాయి. అమ్మ వాటివైపు చూసింది. ఇంకేం అడగక్కరలేకపోయింది.

మర్నాడు సోమవారం. సంతకి వెళ్ళలేదు. చీజులు తడిగుడ్డలో చుట్టి అట్లాగే ఉంచేసింది. ముక్కాలిపీట తీసుకెళ్ళి గూడు పక్కన వేసుకుని కూర్చుంది. నేను మేకల్ని దగ్గర్లోనే తిప్పుతున్నాను.

ఒక లారీ ఆగింది. తెల్లమీసాల పెద్దాయన దిగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, సీసా ఒకటి గూడు ముందు పెట్టబోయాడు.

"మీరేనా నా మడిలో నీళ్ళు పోసింది?" అంది అమ్మ.

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. పొయ్యలేదమ్మా, పొయ్యొద్దని టీకొట్టావిడ ఎప్పుడో చెప్పింది, నేను మూత కూడా తియ్యను అన్నాడు. అమ్మ నమ్మలేదు. సీసా తీసి ఆయన చేతిలోనే పెట్టింది.

"వాడికి ఎవరి నీళ్ళూ వద్దు. మీ వాళ్ళందరికీ చెప్పండి."

ఆయన టోపీ పెట్టుకోకుండానే లారీ ఎక్కాడు.

అప్పుడు అమ్మ లేచి సీసాలన్నీ గోనెసంచుల్లో వేసింది. నేను సాయం పట్టాను. ఎండకి రంగు వెలిసినవి, కొత్తవి, పసిపిల్లల పాలసీసా ఒకటి కూడా ఉంది. అన్నీ మోసుకెళ్ళి మూతలు తీసి మేకల తొట్టిలో పోశాం. అంత కోపంలో కూడా అమ్మ చేతినుంచి చుక్క నేలపాలు కాలేదు. తొట్టి నిండిపోయింది. మేకలు చుట్టూ చేరి తాగుతుంటే అమ్మ చూస్తూ నిలబడింది.

నాన్న ట్యాంకరు మలుపులో ఆగిన చప్పుడైంది. చాలాసేపు ఇంజను ఆపలేదు. తరవాత ఆపి, పైకి నడిచి వచ్చాడు.

"సీసాలేవి?"

"మేకలు తాగుతున్నాయి."

నాన్న తొట్టివైపు చూశాడు. ఆయన ముఖం నాకు కొత్తగా కనిపించింది. దెబ్బ తగిలినవాళ్ళు తగిలిన చోటుని ఇంకా చూసుకోకముందు అట్లా ఉంటారు.

"తియ్యకుండా ఉండాల్సింది" అన్నాడు.

"రేపు మడి చుట్టూ కంచె కూడా వేస్తాను. నీళ్ళు పట్టుకుని ఎవడూ వాడి దగ్గరికి రాకూడదు. ముళ్ళతీగె ఉందా నీ దగ్గర?"

నాన్న తొట్టి దాటి లోపలికి వెళ్ళాడు. మధ్యాహ్నం బండి తియ్యలేదు. ఆ పూట నీళ్ళ కోసం చూసే ఊరు ఒకటి ఎదురుచూస్తూనే ఉండి ఉంటుంది. నాన్న ఎప్పుడూ అట్లా చేసిన మనిషి కాదు.

సాయంత్రం టీకి ముగ్గురం కూర్చున్నాం. ఎండ ఇంకా కిటికీలో ఉంది. నోల్ఫా ఇచ్చిన రొట్టె అమ్మ కోస్తోంది. కంచె ఎక్కడినుంచి ఎక్కడిదాకా వెయ్యాలో నాకు చెబుతోంది. లారీవాళ్ళని తిడుతోంది, పెద్దగా కాదు, పని చేసుకుంటూ. మొక్కులు వాళ్ళవి, మడి నాది అంది. వాళ్ళ కుక్కలు దొరకడానికి నా బిడ్డ పూలు కావలసి వచ్చాయా అంది.

"ఎవరూ పొయ్యలేదే. నేనే పోశాను" అన్నాడు నాన్న.

కత్తి ఆగింది.

"ఏం పోశావు?"

"నీళ్ళు. పోయిన వేసవంతా. సోమవారాలు, మీరు సంతకి వెళ్ళాక."

అమ్మ ఆయన్ని తేరిపార చూసింది. నిజమో కాదో అని కాదు, ఇంతకాలం ఎదురుగా కూర్చున్నది ఈ మనిషేనా అన్నట్టు. తరవాత చాలా నెమ్మదిగా అడిగింది.

"ఈ ఇంట్లో మేకలకి కూడా తెలుసు, వేసవిలో ఆ మడికి తడి తగలకూడదని. నీకు తెలియదా?"

"తెలుసు."

"తెలిసి పోశావా?"

నాన్న టీ కప్పుని రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగలేదు.

"నేను వచ్చేసరికి వాడు పోలేదు ఎర్మిందా."

కెటిల్ కింద మంట ఇంకా ఉంది. లేచి ఆపాలని నాకు అనిపించింది. లేవలేకపోయాను.

నాన్న బల్లమీద గుడ్డ వైపు చూస్తూ చెప్పాడు. మోటారుసైకిలు అన్న కాళ్ళమీద పడి ఉందట. అన్నకి తెలివి ఉంది. నాన్నని గుర్తుపట్టాడు. నాన్న ఫోన్ చేస్తే, అంబులెన్సు బయల్దేరిందనీ, మనిషిని కదపొద్దనీ, తాగడానికి ఏమీ ఇవ్వొద్దనీ, ఒక్క చుక్క కూడా వద్దనీ అక్కడ ఒక ఆడమనిషి చెప్పింది. రెండుసార్లు చెప్పింది. వయెనార్‌నుంచి అంబులెన్సు రావాలి. రోడ్డు మీద ఇంకెవరూ లేరు.

"నాన్నా, కొంచెం నీళ్ళు అన్నాడు. వెనక ట్యాంకరు నిండుగా ఉంది. కుళాయి దగ్గర బొట్టు బొట్టు కారుతోంది. వాడికి ఆ చప్పుడు వినపడుతోంది. అటే చూస్తున్నాడు. నేను ఇవ్వలేదు. ఇస్తే చచ్చిపోతాడేమోనని ఇవ్వలేదు. మళ్ళీ అడిగాడు. కాసేపు ఆగరా, వస్తున్నారురా అన్నాను. నీళ్ళ బండి తోలేవాణ్ణి, నా కొడుక్కి ఆగు అని చెప్పాను."

అమ్మ చేతిలో కత్తి అట్లాగే ఉంది.

"తరవాత ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి వాడికి సీసాలు పెడుతున్నారు. నేను రోజూ నిండు బండితో పక్కనుంచి పోతున్నా. ఒకరోజు తట్టుకోలేక గొట్టం విప్పాను. సీసాతో పోస్తే సరిపోతుందా అనిపించింది. ఆ నేల తాగుతూనే ఉంది. ఎంత పోస్తే అంత తాగింది." కప్పు పక్కకి జరిపాడు. "పూలు పోతాయని తెలుసు. ఒక్క చుక్క కూడా వద్దు, ఒక్క చుక్క కూడా వద్దు అని నువ్వు పొద్దున లేస్తే అనేదానివి. నువ్వు అన్నప్పుడల్లా నాకు ఆ ఫోన్లో మనిషే వినపడేది."

కెటిల్ కూత వేసి వేసి ఊరుకుంది. నీళ్ళు అయిపోయి ఉంటాయి.

చివరికి అమ్మే అడిగింది.

"నా కోసం అడిగాడా?"

నాన్న తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. అడిగాడని ఒక్క మాట అంటే చాలు. కాదనడానికి అక్కడ ఇంకెవరూ లేరు. ఆ మాట ఆయన నోట్లోకి వచ్చిందని నాకు తెలిసింది, పెదవులు కదిలాయి. మూడేళ్ళు అబద్ధం మోసిన మనిషి. ఇంకొకటి మోసే బలం లేకపోయింది.

"లేదు" అన్నాడు. "నీళ్ళే అడిగాడు."

అమ్మ తల ఊపింది, ధర ఎంతో చెబితే విన్నట్టు. కోసిన రొట్టెముక్కని నాన్న కంచంలో పెట్టింది. కత్తి తుడిచి పక్కన పెట్టింది. నడుముకి కట్టుకున్న గుడ్డ ముడి విప్పబోతే రాలేదు. నేను లేచి వెనకనుంచి విప్పాను. ఆమె వీపు రాయిలా బిగుసుకుని ఉంది. గుడ్డ మడిచి కుర్చీ మీద వేసింది. మేకునుంచి శాలువా తీసుకుంది.

నాన్న సగం లేచాడు. ఆమె అటు చూడకపోయేసరికి మళ్ళీ కూర్చున్నాడు.

తలుపు తీసింది. బయట గాలికి శాలువా అంచు ఎగిరితే చేత్తో పట్టుకుని గుమ్మం దాటింది. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.